ఆంప్స్ చూసే ఎస్‌పీపీ రిలే: గుంట గట్టున రెండేళ్లు వాడాక

పోయిన వారం పక్క ఊరి రైతు ఒకాయన ఫోన్ చేశాడు. "ఎస్‌పీపీ పెట్టుకోని కూడా రెండు మోటార్లు కాలిపాయినయ్యి అబ్బయా, ఇంకెందుకది, తీసి పారేద్దామా" అన్నాడు. ఎస్‌పీపీ అంటే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్, మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారుని ఆపాల్సిన రిలే. బాక్సు మూత తీసి ఫోటో పంపమన్నా. చూస్తే నేను అనుకున్నదే, వోల్టేజి చూసే రకం. ఆయనకి ఫోన్లో అరగంట చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నా, ఎందుకంటే ఇదే తప్పు నేను రెండేళ్ల కింద చేసి, ఇదే ప్రశ్న ఇంకొకరిని అడిగా.

నేను మైపాడు రోడ్డు పక్క, ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటల మీద కరెంటు పని చూసుకుంటా. ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే రెక్కల మోటార్లు), పంపులు, జనరేటర్, ప్యానెళ్లు అన్నీ. ఈ రివ్యూ ఆంప్స్, అంటే మోటారు లాగే కరెంటు, చూసే మోటార్ ప్రొటెక్షన్ రిలే గురించి. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే లోపల పని చేసే పద్ధతి ఏ కంపెనీదైనా దాదాపు ఒకటే, పైగా నాకు నచ్చని విషయాలు కూడా కొన్ని ఉన్నాయి, ఒక్క పీసు చూసి ఒకరి మీద రాళ్లేయడం న్యాయం కాదు.

ముందు ఆ రాత్రి సంగతి. నవంబరు, ముసురు. తెల్లవారుజామున మూడున్నరకి కాపలా తాత ఫోన్, "రొయ్య తేల్తా ఉంది, బిన్నా రా". రొయ్యల సాగు తెలిసిన వాళ్లకి ఆ టైము గురించి చెప్పక్కర్లేదు, రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లారేముందు అట్టడుగున ఉంటుంది, అప్పుడే రెక్కలు ఆగితే అంతే. పోయి చూస్తే మూడో గుంటలో ఆరు ఏరియేటర్లలో రెండు ఆగిపోయి ఉన్నాయి, మిగతా నాలుగు మూలుగుతూ తిరుగుతున్నాయి, ప్యానెల్ దగ్గర వార్నిష్ కాలిన వాసన. ఎస్‌పీపీ మీద పచ్చ లైటు మాత్రం చక్కగా వెలుగుతోంది. ఆ పచ్చ లైటు చూసి నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

మోటార్లు తిరుగుతుండగానే మీటర్ పెట్టి చూశా, ఫేజుల మధ్య మూడు చోట్లా మూడు వందల అరవై పైనే ఉంది. తక్కువే కానీ, ఫేజ్ పోయినట్టు లేదు. అన్నీ ఆపేసి మళ్లీ కొలిస్తే అసలు సంగతి బయటపడింది. న్యూట్రల్‌కి ఒక ఫేజులో 238, మిగతా రెండిట్లో 120 అటూ ఇటూ, ఆ రెండిటి మధ్య దాదాపు సున్నా. ట్రాన్స్‌ఫార్మర్ పైన 11 కేవీ వైపు ఒక హెచ్‌జీ ఫ్యూజు (హార్న్ గ్యాప్ ఫ్యూజు, స్తంభం మీద ఉండేది) పోయిందన్న మాట. మన ట్రాన్స్‌ఫార్మర్లలో 11 కేవీ వైపు చుట్టలు డెల్టాగా, మన వైపువి స్టార్‌గా కట్టి ఉంటాయి కాబట్టి పైన ఒక లైను తెగితే కింద ఒక ఫేజ్ పూర్తిగా, రెండు ఫేజులు సగం సగం వస్తాయి. ఇంట్లో రెండు బల్బులు మసగ్గా, ఒకటి మామూలుగా వెలిగితే కూడా ఇదే అనుమానించండి, ముందు లైన్‌మెన్‌కి చెప్పండి, తర్వాతే మీ ప్యానెల్ విప్పండి.

మరి తిరిగేటప్పుడు వోల్టేజి ఎందుకు బాగున్నట్టు కనిపించింది? అక్కడే ఉంది కిటుకు. తిరుగుతున్న త్రీఫేజ్ మోటారు ఒక ఫేజ్ పోయినా వెంటనే ఆగదు, మిగతా ఫేజుల బలంతో తిరుగుతూనే ఉంటుంది, తిరుగుతూ పోయిన ఫేజు వైపు తానే కొంత వోల్టేజి పుట్టించి వెనక్కి పంపుతుంది. ఒక్క మోటారైతే కొంచెం, ఆరు మోటార్లు ఒకే ప్యానెల్ మీద ఉంటే బాగానే పంపుతాయి. వోల్టేజి చూసే రిలేకి ఆ దొంగ వోల్టేజి నిజం వోల్టేజిలాగే కనిపిస్తుంది. ఎంత తేడా వస్తే ట్రిప్ అవ్వాలో చౌక రకాల్లో ఫ్యాక్టరీలోనే బిగించేసి ఉంటుంది, మనం తగ్గించుకోడానికి ఉండదు. ఇంకొకటి, చాలా స్టార్టర్లలో కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపి తీసే స్విచ్) కాయిల్ 415 వోల్టులది, రెండు ఫేజుల మధ్య కట్టి ఉంటుంది, మూడో ఫేజు పోయినా కాంటాక్టర్ హాయిగా పట్టుకునే ఉంటుంది.

ఓవర్‌లోడ్ రిలే (ఆంప్స్ ఎక్కువై వేడెక్కితే మోటారుని ఆపే థర్మల్ రిలే) ఏం చేస్తోంది అంటారా. అది నా తప్పు. ఎండాకాలంలో ఊరికే ట్రిప్ అవుతోందని దాని ఆంప్స్ సెట్టింగ్ ముల్లు పైకి తిప్పేసింది నేనే. 2 హెచ్‌పీ ఏరియేటర్ మోటారు నేమ్‌ప్లేట్ మీద 3.3 ఆంప్స్ ఉంటే ముల్లు 5 దాటి ఉంది. ఒక ఫేజు తెగితే మిగతా ఫేజుల్లో ఆంప్స్ 1.7 రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అవుతాయి. నిండా లోడు లేని మోటారుకి ఆ పెరిగినవి కూడా నా ముల్లు లోపలే ఉండి ఉంటాయి. నిండా లోడున్నా 5 మీద కొంచెమే పైకి పోతాయి కాబట్టి థర్మల్ రిలే తీరిగ్గా ఆలోచిస్తుంది, ఈలోగా వైండింగ్ ఉడికిపోతుంది.

పొద్దున్నే కాలిన మోటార్లు రీవైండింగ్‌కి వేసి, నెల్లూరు ట్రంకు రోడ్డులో నేను ఎప్పుడూ సామాన్లు తీసుకునే షాపుకి పోయా. కౌంటర్ మీద ఉండే పెద్దాయన నా కథ అంతా విని, "ముందు నీ కాంటాక్టర్ తెచ్చి చూపించు, తర్వాత రిలే కొందువు" అన్నాడు. అమ్ముకునే వాడు అలా అనడం నాకు నచ్చింది. మర్నాడు తీసుకెళ్తే ఒక పోలు కాంటాక్టు సగం కరిగి ఉంది, అది ఇవాళో రేపో పోయేదే. వోల్టేజి రిలే కాంటాక్టర్ కంటే ముందు వైపు చూస్తుంది కాబట్టి, తర్వాత కాంటాక్టు కాలినా, కేబుల్ తెగినా దానికి జన్మలో తెలియదు. ఆంప్స్ రిలే మోటారుకి పోయే తీగలనే చూస్తుంది కాబట్టి తప్పు ఎక్కడ జరిగినా పట్టుకుంటుంది. ఈ ఒక్క కారణానికే నేను రెండో రకానికి మారా. రేటు వోల్టేజి రకానికి మూడు రెట్లు పడింది, రెండు మోటార్ల రీవైండింగ్ బిల్లు ముందు అది పెద్ద లెక్క కాదు.

(మధ్యలో ఒక మాట, అదే షాపులో ఒకాయన కాంటాక్టర్ డబ్బా మీద వేరే పేరు చూసి "ఎల్ అండ్ టీ అడిగితే ఇదేదో డూప్లికేట్ ఇచ్చావే" అని గొడవేసుకున్నాడు. డూప్లికేట్ కాదు. ఆ స్విచ్‌గేర్ వ్యాపారాన్ని 2020లో ష్నైడర్ కొనేసింది, 2024లో పేరు లారిట్జ్ నూడ్సెన్ అని మార్చారు. నిజం డూప్లికేట్లు వేరే ఉన్నాయి, వాటికి బిల్లు ఇవ్వరు.)

ఇక వస్తువు సంగతి. మూడు రంధ్రాలుంటాయి, మోటారుకి పోయే మూడు తీగలూ ఒక్కోదాంట్లోంచి దూర్చాలి, ఏ తీగనీ కోయక్కర్లేదు. ముందు ఆంప్స్ సెట్టింగ్, తర్వాత మూడు ఫేజుల మధ్య ఎంత శాతం తేడా వస్తే ట్రిప్ అవ్వాలి, ఎన్ని సెకన్లు ఆగాలి, స్టార్టింగ్‌లో ఎంతసేపు కళ్లు మూసుకోవాలి, ఇవీ సెట్టింగులు. లోడు తగ్గిపోతే ట్రిప్ అయ్యే సదుపాయం కూడా ఉంది, బోరు పంపుకి నీళ్లు అందకపోతే అది బాగా పనికొస్తుంది. చిన్న మోటారుకి రిలే కింది రేంజి సరిపోకపోతే తీగని అదే రంధ్రంలోంచి రెండు సార్లు తిప్పండి, 3.3 కాస్తా 6.6గా కనిపిస్తుంది, సెట్టింగ్ కూడా అలాగే రెట్టింపు పెట్టుకోవాలి. ఆ సంగతి ప్యానెల్ తలుపు లోపల మార్కర్‌తో రాసి పెట్టండి, లేకపోతే మీ తర్వాత వచ్చేవాడు బుర్ర బద్దలు కొట్టుకుంటాడు.

తేడా శాతం దగ్గర మొదటి నెలంతా నాకు నిద్ర లేదు. తెలివిగా ఉందామని 10 శాతం పెట్టా, రోజుకి రెండు సార్లు ట్రిప్. జనరేటర్ మీదికి మారితే ఇంకా ఘోరం. తర్వాత అర్థమైంది ఏమంటే, వోల్టేజిలో 1 శాతం తేడా ఉంటే మోటారు ఆంప్స్‌లో అది 6 నుంచి 10 రెట్లై, 6 నుంచి 10 శాతం తేడా వస్తుంది. జనరేటర్ దగ్గర షెడ్డు లైట్లు, కాపలా గది, మేత గోదాము ఫ్యాన్లు, సింగిల్ ఫేజ్ పంపు అన్నీ ఒకే ఫేజు మీద తగిలించి ఉన్నాయి, ఎవరు కట్టారో తెలీదు, నేనే కావచ్చు. వాటిని మూడు ఫేజులకీ పంచి, తేడా 35 శాతం, ఆలస్యం 5 సెకన్లు పెట్టాక సద్దుమణిగింది.

రెండేళ్లలో ఏడు సార్లు ట్రిప్ అయింది, ఆ మొదటి నెల వదిలేసి చెప్తున్నా. మూడు నా సెట్టింగ్ తప్పులు, నాలుగు నిజమైనవి. ఒకసారి మళ్లీ హెచ్‌జీ ఫ్యూజు, ఒకసారి కాంటాక్టు, రెండు సార్లు ఉప్పు గాలికి పచ్చబడిపోయిన లగ్గులు (తీగ చివర బిగించే తొడుగులు). ఈ నాలుగు సార్లూ ఒక్క మోటారు కూడా పోలేదు.

కానీ ఆరో నెలలో నాలుగో నంబరు ఏరియేటర్ కాలిపోయింది, రిలే చూస్తూ ఉండగానే. దీన్ని దాచిపెడితే ఈ రివ్యూకి అర్థం లేదు. ఆ మోటారు తేలే డ్రమ్ము మీద జంక్షన్ బాక్సులో ఒక తీగ తెగింది. నేను రిలేని ఆరు మోటార్లకీ కలిపి ఒక్కటే పెట్టాగా, లెక్క వేసి చూడండి. ఒక్కో మోటారు 3.2 ఆంప్స్ తీసుకుంటోంది అనుకుంటే, బాగున్న ఐదు మోటార్లకీ ప్రతి ఫేజులో 16. తెగిన మోటారు రెండు ఫేజుల్లో 5.5 చొప్పున లాగుతోంది, మూడో దాంట్లో సున్నా. అంటే రిలేకి కనపడేది 21.5, 21.5, 16. సగటు మీద తేడా 19 శాతం కూడా లేదు. నేను పెట్టింది 35. దానికి ఎలా తెలుస్తుంది పాపం. 15కి దించితే మళ్లీ ఆ జనరేటర్ గోల.

కాబట్టి ఒక గుంటకి ఒక్క రిలే చాలు అని షాపులో ఎవరైనా చెప్తే నమ్మకండి. ఇప్పుడు నేను చేసింది ఏమంటే, ఆంప్స్ రిలే గుంట మొత్తానికి అలాగే ఉంచి, ఒక్కో ఏరియేటర్‌కి ఒక ఎంపీసీబీ (ఒక్క మోటారునే కాపాడే మోటార్ ప్రొటెక్షన్ సర్క్యూట్ బ్రేకర్) వేశా, 2.5 నుంచి 4 ఆంప్స్ రేంజిది, ముల్లు సరిగ్గా నేమ్‌ప్లేట్ మీద ఎంత ఉంటే అంత. వాటిల్లో ఫేజు తెగితే మామూలు ఓవర్‌లోడ్ కంటే త్వరగా పడిపోయే ఏర్పాటు ఉంటుంది, పైగా చెడిన మోటారు ఒక్కటే ఆగుతుంది, మిగతా ఐదూ తిరుగుతూ ఉంటాయి. డబ్బులు ఒకేసారి లేకపోతే ముందు ఎంపీసీబీలు వేసుకోండి, రిలే తర్వాత. ఇది రాస్తున్నప్పుడు నాకే కొంచెం నవ్వొస్తోంది, రిలే రివ్యూ అని మొదలుపెట్టి ముందు వేరేది కొనమంటున్నా.

నచ్చనివి. డిస్‌ప్లే ఎనిమిది నెలలకే మసకబారింది, మధ్యాహ్నం ఎండలో చేత్తో నీడ పెట్టి చదవాలి. సెట్టింగ్ నాబ్ వదులు, ఒకసారి తుడిచే గుడ్డ తగిలి తిరిగిపోయింది, ఇప్పుడు మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేసి పెట్టా (మా ఇంటావిడది, అడక్కుండా తెచ్చా). కాగితం చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. రెండో గుంటకి కొన్న పీసు డబ్బా విప్పినప్పుడే పనిచేయలేదు, మార్చివ్వడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలు కంపెనీ వాళ్లు పాడిన పాట "పార్సిల్ దారిలో ఉంది సార్".

ఆటో రీసెట్ మాత్రం ఆన్ చేయకండి. ఫేజు లేకుండానే మళ్లీ మళ్లీ స్టార్ట్ అయి మోటారుని విడతల వారీగా చంపుతుంది. మాన్యువల్ పెడితే రాత్రి ఎవరు లేపుతారన్న టెన్షన్ ఉంటుంది, నిజమే. నేను రిలే అలారం కాంటాక్టుకి 12 వోల్టుల బ్యాటరీ మీద ఒక హూటర్ తగిలించా. మొదట 230 వోల్టుల హూటర్ పెట్టి, కరెంటు పోతే అదీ పోతుందన్న ఆలోచన లేకుండా రెండు నెలలు గర్వంగా తిరిగా. కరెంటు మళ్లీ వచ్చినప్పుడు, జనరేటర్ ఎత్తుకున్నప్పుడు ఆరూ ఒక్కసారే స్టార్ట్ అవ్వకుండా జతకి పది సెకన్ల తేడాతో టైమర్లు పెట్టుకోండి, లేకపోతే జనరేటర్ ఊపిరాడక కూలబడుతుంది.

బాక్సు గురించి కూడా. గాలి చొరబడకుండా సిలికాన్ పూసి సీలేస్తే లోపల పొద్దున చెమట పట్టి అదే తుప్పు పట్టిస్తుంది. కేబుళ్లన్నీ కింది నుంచి గ్లాండుల్లో రావాలి, అడుగున చిన్న రంధ్రం, దానికి సన్న జాలీ. జాలీ లేకపోతే చీమలు, చీమల కోసం బల్లి, బల్లి పోయి రెండు టెర్మినళ్ల మధ్య పడుకుంటుంది. ఈ ఏడు నేను మార్చిన మూడు కాంటాక్టర్లలో రెండు చీమల వల్లే పోయాయి.

అన్నిటికంటే ముఖ్యమైంది, ఈ రిలే మోటారు కోసం, మనిషి కోసం కాదు. నీళ్లలోకి దిగి ఏరియేటర్ సరిచేసే కుర్రాళ్లకి షాక్ కొడితే దీనికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దానికి ఆర్‌సీసీబీ (కరెంటు లీక్ అయితే వెంటనే ఆపేసే బ్రేకర్) వేరే ఉండాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. ఆ రైతు ఫోటోలో ఆర్‌సీసీబీ ఉంది, కానీ మాటిమాటికి పడిపోతోందని తీగ ఒకటి అడ్డంగా వేసి బైపాస్ చేసి ఉంది. ఎస్‌పీపీ సంగతి రొయ్యల పట్టుబడి అయ్యాక చూద్దాం, ముందు ఆ తీగ తీసి, ఏ మోటారు లీక్ అవుతోందో ఒక్కొక్కటీ విడదీసి మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టి చూద్దామని చెప్పా. ఆదివారం పోతున్నా.