జ్యూక్‌బాక్సా, జేబులో ఫోనా?

జ్యూక్‌బాక్స్ అనే మాట మనలో చాలామందికి నేర్పింది యూట్యూబే. కొత్త సినిమా పాటలన్నీ ఒకే వీడియోగా గుదిగుచ్చి, హీరో పోస్టరొకటి తగిలించి ‘ఆడియో జ్యూక్‌బాక్స్’ అని వదులుతారు. అసలు జ్యూక్‌బాక్స్ అంటే బిళ్ళ వేసి మీట నొక్కితే, ఎంచుకున్న పాట రికార్డు వాయించే పెట్టె. ఆ వీడియోలో పెట్టె లేదు, బిళ్ళ వేసే కన్నం లేదు, పాట ఎంచుకునే పనీ లేదు. నేనూ అమెరికా వచ్చిన ఆరేళ్ళకి గానీ అసలు సరుకుని చూడలేదు. కాబట్టి జ్యూక్‌బాక్సుకీ జేబులో ఫోనుకీ పెట్టే ఈ పోలికలో చిన్ననాటి జ్ఞాపకాలు నన్ను ఎటూ లాగవు. నా మమకారమంతా పెళ్ళిళ్ళ మైకు సెట్టు మీద. దాని సంగతి తర్వాత చెప్తాను.

పెన్సిల్వేనియాలో హైవే పక్కన ఒక డైనర్, అంటే చిన్న హోటలు. జనవరి నెల, బయటంతా మంచు. న్యూజెర్సీ నుంచి నలుగురం ఒకే కార్లో బయల్దేరాం. గంటన్నర సేపు బ్లూటూత్ ఎవరి ఫోనుకి కలపాలన్నదే పంచాయితీ. ఒకడు పెట్టిన పాట పల్లవి దాటకముందే ఇంకొకడు మార్చేసేవాడు. చివరికి విసుగొచ్చి ఎవరి చెవుల్లో వాళ్ళు బిరడాలు పెట్టుకున్నారు. స్టీరింగ్ పట్టుకున్న పాపానికి నాకు మిగిలింది దారి చెప్పే అమ్మాయి గొంతు.

డైనర్‌లో మా బల్ల పక్కన గోడకి ఒక స్టీలు పెట్టె. సీబర్గ్ కంపెనీ వాల్‌బాక్సు. అసలు జ్యూక్‌బాక్స్ ఎక్కడో మూల ఉంటుంది. ఇది అక్కడిదాకా లేచి వెళ్ళకుండా బల్ల దగ్గరికే చాపిన చెయ్యి. అద్దం వెనక రేకు పేజీలు, మీటతో ఒక్కోటీ టపటపా తిరుగుతాయి. ఒక్కో చీటీ మీద పైన ఒక పాట, కింద ఒక పాట, మధ్యలో పాడినవాళ్ళ పేరు. రికార్డుకి రెండు వైపులు కదా. కింద మీటల వరసలో ‘హెచ్’ పక్కన తిన్నగా ‘జె’ ఉంది. మధ్యలో ‘ఐ’ని ఎవరు మింగారా అనుకున్నాను. ఒకటి అంకెతో తికమక పడతారని ఆ అక్షరాన్ని వదిలేశారట.

తికమక అయినా తప్పలేదు. క్వార్టర్లు, అంటే పాతిక సెంట్ల బిళ్ళలు, నా జేబులో ఎప్పుడూ ఉంటాయి, మా అపార్ట్‌మెంట్లో బట్టలుతికే మిషన్లు ఇప్పటికీ బిళ్ళలే అడుగుతాయి మరి. ఒకటి వేసి, హెచ్ ఏడు నొక్కబోయి జె ఏడు నొక్కాను. రాక్ పాట వస్తుందనుకుంటే గిటారు మీద తీరిగ్గా ఏడ్చే పల్లెటూరి పాటేదో మొదలైంది. ఫోనయితే బొటనవేలితో తోసేసేవాణ్ణి. ఇక్కడ పాట ఆపే మీట పెట్టె వెనకాల, యజమానికి మాత్రమే అందేచోట ఉంటుంది. మావాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారు, నేను పెట్టింది కాదని బుకాయించడానికి లేదు. రెండు బల్లల అవతల ఒక పెద్దావిడ ఫోర్కు పక్కన పెట్టి, పెదవులు కదుపుతోంది. మాటలన్నీ వచ్చినట్టున్నాయి. పాట అయ్యాక మావైపు చూసి కాఫీ కప్పు కాస్త పైకెత్తింది. ఆ పాట కోసమే ఇంత దూరం వచ్చినవాడిలా నేనూ తలూపాను.

తిరుగు ప్రయాణంలో మాలో మాకు వాదన. ఏది మేలు?

ముందు ఫోను పక్షం. 1946లో వుర్లిట్జర్ కంపెనీ తెచ్చిన 1015 మోడల్, అదే, జ్యూక్‌బాక్స్ అనగానే కళ్ళముందు మెదిలే కమాను ఆకారం, రంగురంగుల గొట్టాల్లో బుడగలు, అంత సింగారానికీ అందులో పట్టేవి 24 పాటలు. రెండేళ్ళకి సీబర్గ్ వాళ్ళు వంద పాటల పెట్టె తెచ్చారు. 50 రికార్డుల్ని అరలో పుస్తకాల్లా నిలువుగా పేర్చి, రెండు వైపులా వాయించే ఏర్పాటు. ఆ రోజుల్లో అదే గొప్ప. ఇవాళ ఫోనులో పాటలు వినిపించే స్పాటిఫై యాప్‌లో పది కోట్లకి పైగా పాటలున్నాయి. పైగా ఆ వందలో ఏవుండాలో తేల్చేది మనం కాదు, పెట్టె నడిపే ఆపరేటరు. చిల్లర రాబట్టని రికార్డుని తీసేసి, రాబట్టేదాన్ని ఉంచుతాడు. ఆ లెక్కన ఏ డైనర్ పెట్టెలో ఘంటసాల దొరుకుతాడు? రాత్రి రెండింటికి ఆఫీసు పని ముగించి నేను ఆయన పాట వింటున్నానంటే ఫోను చలవే. భీమవరంలో మా అమ్మ కళ్ళద్దాలు వెతుక్కునే పని లేకుండా, ఫోను నోటి దగ్గర పెట్టుకుని ‘అన్నమయ్య కీర్తనలు’ అంటుంది, అవి వచ్చేస్తాయి. ఈ రెంటికీ జ్యూక్‌బాక్స్ దగ్గర జవాబు లేదు.

‘ఆ రోజుల్లో పాటకి విలువుండేది’ అనేవాళ్ళకి ఇంకో సంగతి. 1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టం బిళ్ళతో నడిచే పెట్టెలకి మినహాయింపు ఇచ్చింది. రికార్డు అమ్మినప్పుడు వచ్చేదేదో వచ్చేది గానీ, ఆ తర్వాత ఆ పెట్టెలో ఎన్ని నికెళ్ళు (అయిదు సెంట్ల బిళ్ళలు) పడినా, పాట రాసినవాళ్ళకీ బాణీ కట్టినవాళ్ళకీ అందులో చిల్లిగవ్వ వాటా లేదు. 1976లో కొత్త చట్టం వచ్చి, 1978 నుంచి పెట్టెకి ఏడాదికి 8 డాలర్లు కట్టమంది. ఏడాది మొత్తానికి! స్ట్రీమింగ్ కంపెనీలు విదిల్చే చిల్లరని తిట్టుకుంటాం, తిట్టుకోవలసిందే. కానీ జ్యూక్‌బాక్స్ అంతకన్నా ధర్మాత్మురాలేం కాదు.

మరి దాని పక్షాన ఏముంది?

క్వార్టర్ వేసేముందు నేను ఆ రేకు పేజీలన్నీ రెండుసార్లు తిప్పాను. ఫోనులో పాట పెట్టేముందు ఎప్పుడైనా అంత ఆలోచించానా అంటే లేదు. నచ్చకపోతే తోసెయ్యొచ్చు కదా. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒకసారి విన్నట్టు లెక్క. మిగతా పాట మనం విన్నా ఒకటే, మానినా ఒకటే. జ్యూక్‌బాక్స్ డబ్బు ముందే మింగేస్తుంది, పాట పూర్తిగా వినిపిస్తుంది. అంతకన్నా పెద్ద తేడా, అది గదిలో అందరికీ వినిపిస్తుంది. ఏ బల్ల మీంచి వచ్చిందో అందరూ చూస్తారు. నీ అభిరుచికి నువ్వు పూచీ పడాలి. నీ ముందున్నవాడి పాట అయ్యేదాకా ఆగాలి, అది నీకు నచ్చకపోయినా సరే.

తమాషా ఏమిటంటే ఈ యంత్రం పుట్టినప్పుడు ఇలా లేదు. 1889 నవంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కోలో పాలే రాయల్ అనే సారా దుకాణంలో లూయిస్ గ్లాస్ అనే ఆయన ఎడిసన్ ఫోనోగ్రాఫుకి నికెల్ వేసే ఏర్పాటు చేసి పెట్టాడు. కరెంటుతో శబ్దాన్ని పెద్దది చేసే సాధనాలు అప్పటికి లేవు. డాక్టరు స్టెతస్కోపులాంటి గొట్టాలు నాలుగు వేలాడేవి. బిళ్ళ వేసినవాడు గొట్టం చెవికి పెట్టుకుని వినాలి, ఇంకొకడికి ఇచ్చేముందు తుడవడానికి పక్కనే తువ్వాలు. అంటే పుట్టుక ఇయర్‌ఫోనుగానే! 1920ల చివర్లో కరెంటు ఆంప్లిఫయర్లు వచ్చాక గానీ పాట గది మొత్తానికీ పాకలేదు. అక్కణ్ణుంచి యాభై ఏళ్ళు తిరిగాయో లేదో, 1979లో వెంట తీసుకెళ్ళే క్యాసెట్ ప్లేయరు వాక్‌మన్‌తో మళ్ళీ చెవుల్లోకి వెళ్ళిపోయింది. తువ్వాలు ఒక్కటే తక్కువ.

ఇక మన మైకు సెట్టు. పెళ్ళికి ముందురోజే వేపచెట్టు కొమ్మకి బూరలు కట్టేవాడు మైకాయన. పక్కన చెక్కపెట్టె నిండా రికార్డులు, తర్వాత్తర్వాత క్యాసెట్లు. ‘బాబాయ్, ఆ పాట వెయ్యవా’ అని పిల్లలం చుట్టూ మూగితే, మా మొహాలు చూసి కాసేపు బెట్టు చేసి, ఎప్పుడో వేసేవాడు. అప్పుడు ఊరంతా వినేది. ‘అది నేనడిగిన పాటే’ అని రెండు వీధులు తిరిగి చెప్పుకున్న రోజులున్నాయి. పరీక్షలకి చదువుకునేవాళ్ళు, జ్వరంతో పడుకున్నవాళ్ళు ఎంత తిట్టుకునేవారో అప్పుడు తట్టలేదు. వినకుండా ఉండే వీలు ఇచ్చింది ఫోనే, అది చిన్న ఉపకారం కాదు.

రెండూ కలిపిన సరుకు కూడా ఉంది. ఇక్కడి బార్లలో గోడకి టచ్‌ట్యూన్స్ తెర ఉంటుంది. ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చే జ్యూక్‌బాక్స్, కుర్చీలోంచి లేవకుండా ఫోనులోనే డబ్బు కట్టి పాట ఎంచుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది గానీ, ఇంకాస్త ఎక్కువ కడితే నీ పాట వరసలో ముందుకి వచ్చేస్తుంది. తిరుమలలో ప్రత్యేక దర్శనం టికెట్టు లాగా. దేవుడి దగ్గర అలవాటైపోయింది, పాట దగ్గర కూడానా? జ్యూక్‌బాక్స్‌లో నాకు నచ్చిన ఒక్క గుణం వరస. దాన్నే తీసి అమ్ముకుంటే ఇక మిగిలింది ఫోనే, గోడకి కొట్టిన ఫోను.

కాబట్టి నా ఓటు రెండు ముక్కలు. ఒంటరిగా ఉన్నప్పుడు, రైల్లో, వంటింట్లో, నిద్ర పట్టని రాత్రి, అమ్మకి, నాకు ఫోనే. నలుగురు కూర్చున్న గదిలో మాత్రం జ్యూక్‌బాక్సే. పాత పెట్టె కొని ఇంట్లో పెట్టుకోమని కాదు. దాన్ని మొయ్యడానికే నలుగురు కావాలి, బాగుచేసేవాడు దొరకడం ఇంకా కష్టం. దాని పద్ధతి చాలు.

మొన్న సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్లో ఆ పద్ధతే పెట్టాం. బల్ల మీద ఒక స్టీలు గిన్నె, పక్కన కాగితం. క్వార్టరుకి ఒక పాట, పేరు రాసిన వరసలోనే, ఆపడం ఇంటాయనకి కూడా కుదరదు. మొదట పిల్లలు గోల చేశారు. తర్వాత నాన్నల జేబులు వెతికి, తలా ఒక పాటకి ఎంత చర్చో! పక్కింటివాళ్ళ నాన్నగారు, ఊరి నుంచి ఆరు నెలలకని వచ్చిన పెద్దాయన, నాలుగు క్వార్టర్లు గిన్నెలో పడేసి ఒకే పాత పాట పేరు నాలుగుసార్లు రాశారు. ‘మావయ్యగారూ, ఇంకేదైనా రాయండి’ అని వాళ్ళ కోడలు మొహమాటంగా అంది. ‘డబ్బులిచ్చానమ్మా’ అన్నారాయన. ఎవరూ మాట్లాడలేదు. మూడోసారి పిల్లలు వెక్కిరిస్తూ పల్లవి అందుకున్నారు. నాలుగోసారి వంటింట్లోంచి చరణం కూడా వినిపించింది.

ఆఖర్న గిన్నెలో ఏడు డాలర్ల డెబ్భై అయిదు సెంట్లు తేలాయి. మర్నాడు మా ఆవిడ వాటిని కింద లాండ్రీ గదికి పట్టుకెళ్ళింది.