మెట్ మ్యూజియంలో అస్మాత్ బిస్ స్తంభాలు: ఈ హాలు మాత్రం వదలొద్దు

న్యూయార్క్ మెట్ (మెట్రోపాలిటన్ మ్యూజియం)కి వెళ్లినవాళ్లు ఎక్కువగా ఈజిప్ట్ వైపో పెయింటింగ్స్ వైపో పోతారు, నేను చెప్పేది గ్రీక్ రోమన్ గ్యాలరీలు దాటాక వచ్చే మైఖేల్ రాక్‌ఫెల్లర్ వింగ్ గురించి. చాలాకాలం రెనొవేషన్‌లో ఉండి 2025 మే చివర్లో మళ్లీ తెరిచారు. అక్కడి బిస్ స్తంభాల కోసమే, అంటే అస్మాత్ తెగవాళ్లు చనిపోయినవాళ్ల కోసం చెక్కే పొడవాటి చెక్క స్తంభాల కోసమే, టికెట్ కొన్నా డబ్బు వృథా కాదు, నేనైతే 5కి 5 ఇస్తాను.

అస్మాత్ వాళ్లది న్యూ గినియా దీవిలో ఇండోనేషియా వైపు దక్షిణ తీరం, అంతా మడ అడవి, బురద, నదులు. రాయి దొరకని నేల కాబట్టి అన్నీ చెక్కతోనే. అసలు మనుషులే చెక్కలోంచి వచ్చారని వాళ్ల నమ్మకం, ఫుమెరిపిత్స్ అనే ఆయన బొమ్మలు చెక్కి డోలు కొడితే అవి లేచి ఆడాయంట, అందుకే అక్కడ చెక్కేవాళ్లకి అంత గౌరవం.

స్తంభం దగ్గరికెళ్లి ముందు పక్కనుంచి చూడండి. పైన రెక్కలాగా ముందుకు పొడుచుకొచ్చి, మధ్యలో ఖాళీలు వదిలి జాలీలా చెక్కిన భాగం ఉంటుంది, అది విడిగా చేసి అతికించింది కాదు, ఆ చెట్టుకున్న వేళ్లలో ఒకటి! చెట్టు కొట్టి, పలకలాంటి వేర్లలో ఒక్కటే ఉంచి మిగతావి నరికేసి, మానుని తలకిందులు చేసి చెక్కుతారు. కొన్ని 15 అడుగులు దాటి ఉంటాయి, అంతా ఒకే మాను, నేను అక్కడే చాలాసేపు ఆగిపోయాను. కాల్చిన గవ్వల సున్నం తెలుపు, ఎర్రమట్టి, బొగ్గు నలుపు, రంగులు ఈ మూడే.

ఒకరి మీద ఒకరు నిలబడ్డ ఆ బొమ్మలు ఊళ్లో చనిపోయినవాళ్లవి, వాళ్ల పేర్లే పెడతారు. ఆ చావులకి బదులు తీర్చుకుంటామని పూర్వం ఆ చనిపోయినవాళ్లకిచ్చే మాట ఈ స్తంభం. బదులుగా శత్రువుల తలలు నరికే ఆ పద్ధతి పోయింది, చెక్కడం పోలేదు, అగాత్స్ ఊళ్లో ఇప్పటికీ చెక్కిన బొమ్మల వేలం జరుగుతుంది.

నన్ను బాగా కదిలించింది ఇంకోటి. ఈ స్తంభాలు నిలబెట్టి చేసే పండగ అయ్యాక వీటిని సాగో చెట్ల తోపులో వదిలేస్తారు, కుళ్లి మట్టిలో కలిసి ఆ శక్తి చెట్లకి చేరాలని, ఆ చెట్టు నుంచి తీసే పిండి వాళ్ల ముఖ్యమైన తిండి. అంటే మనం చూస్తున్నవి తోపుకి చేరకుండా ఆగిపోయినవి. అమెరికన్ యువకుడు మైఖేల్ రాక్‌ఫెల్లర్ 1961లో ఇలాంటివి సేకరిస్తూ అక్కడే పడవ బోల్తాపడి కనిపించకుండా పోయాడు, గోడ మీద పేరు ఆయనది, కానీ లేబుళ్ల మీద చెక్కినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి, జియెం, ఫనిప్‌దాస్ అని, అవి తప్పకుండా చదవండి.

పెద్దవాళ్లకి టికెట్ 30 డాలర్లు, న్యూయార్క్ స్టేట్‌లో ఉండేవాళ్లు ఎంతైనా కట్టొచ్చు. బుధవారం సెలవు, శుక్ర శనివారాలు రాత్రి 9 దాకా ఉంటుంది.