పటమట డేకేర్‌లో రెండేళ్ల నాలుగు నెలలు: మా అనుభవం

మా పాపకు పదకొండో నెల రాగానే విజయవాడ పటమటలో ఒక డేకేర్‌లో చేర్చాం. నాది గవర్నర్‌పేటలో బ్యాంకు ఉద్యోగం, మా ఆయనది ఆటోనగర్‌లో. పొద్దున తొమ్మిదికి దింపితే సాయంత్రం ఆరున్నరకు తెచ్చుకునేవాళ్లం.

బాగున్నది ముందు చెప్తాను. అన్నం విషయంలో వంక పెట్టడానికి లేదు. ముద్దపప్పు, నెయ్యి వేసి మెత్తగా కలిపి ఓపిగ్గా తినిపించేవాళ్లు. మే నెల ఎండల్లో కరెంటు పోయినా ఫ్యాను ఆగేది కాదు. ఒకరోజు గేటు గడియ వేయడం మర్చిపోయారు, పాప మెట్ల దాకా వచ్చేసింది. నాకు తెలిసేలోపే ఓనరు మేడం ఫోన్ చేసి తప్పు తమదేనని చెప్పారు. మర్నాటికల్లా పిల్లలకు అందనంత ఎత్తులో రెండో గడియ బిగించారు. ఆ ఫోన్‌తోనే నాకు వాళ్ల మీద నమ్మకం కుదిరింది.

పోయిన శ్రావణమాసంలో ఒక ఆదివారం పాప బొమ్మను చాప మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. దాని చెవి దగ్గర నోరు పెట్టి "కళ్లు మూస్తావా లేదా" అంది. అంటూనే బొమ్మ తొడ రెండు వేళ్లతో పట్టుకుని మెలిపెట్టింది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. స్నానం చేయిస్తూ పాప తొడ లోపలివైపు చూస్తే రెండు మచ్చలు. ఒకటి మానుతూ పసుపురంగుకు తిరిగింది, రెండోది ఇంకా నీలంగానే కమిలి ఉంది.

"ఆయమ్మ గిల్లిందా?" అని నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను. ఆ వయసు పిల్లలు మనం అందించిన మాటనే తిరిగి చెప్పేస్తారు. "ఇక్కడ ఏమైందమ్మా?" అని మాత్రం అడిగాను. "బజ్జోలేదని" అంది. ఇంకేమీ తరచి అడగలేదు. ఫొటోలు తీసి, పిల్లల డాక్టరుకు చూపించి, మచ్చల సంగతి చీటీ మీద రాయించుకున్నాను.

సోమవారం వెళ్లి అడిగితే "ఆవిడ అలాంటి మనిషి కాదండీ, పిల్లలన్నాక పడతారు కదా" అన్నారు. కెమెరా రికార్డింగ్ చూపించమంటే టెక్నీషియన్ రావాలన్నారు. వాళ్ల దగ్గర పదిహేను రోజులు దాటితే పాతది చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కుతుంది. టెక్నీషియన్ సరిగ్గా పదహారో రోజున వచ్చాడు. కావాలనే చేశారని నేను రుజువు చేయలేను. కానీ గేటు రోజున నాకు ఫోన్ చేసిన మనిషి, ఈ మనిషి ఒకరేనా అనిపించింది.

గేటు దగ్గర మిగతా తల్లులతో మాట్లాడాను. ఇద్దరు చెప్పారు, మధ్యాహ్నం నిద్ర అంటేనే తమ పిల్లలు ఏడుస్తున్నారని. ముగ్గురం కలిసి ఫిర్యాదు రెండు ప్రతులు రాసి, మా ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకున్నాం. అది ముందే, మొదటిరోజే చేసి ఉంటే రికార్డింగ్ దక్కేదేమో. మీరెవరైనా ఇలాంటి స్థితిలో ఉంటే దయచేసి నోటిమాటతో ఆగకండి. కాగితం మీద అడగండి.

అప్పటికీ జవాబు రాకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాం. జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లు వచ్చి ముగ్గురితో విడివిడిగా మాట్లాడారు, హాజరు పట్టీ, సిబ్బంది వివరాలు చూశారు. "ఇంత చిన్నదానికి ఇంత దూరమా అండీ" అన్నారు ఓనరు మేడం. చిన్నది కాదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, పిల్లల సంరక్షణ చూసే సంస్థలో పనిచేసేవాళ్లు పిల్లల్ని హింసిస్తే అయిదేళ్ల దాకా కఠిన జైలు, అయిదు లక్షల దాకా జరిమానా పడొచ్చు.

అసలు సంగతి ఆ తనిఖీలోనే బయటపడింది. మధ్యాహ్నం ఒకామె గిన్నెలు తోముకోవడానికి వెళ్తే, పద్దెనిమిది మంది పిల్లల్ని నిద్రపుచ్చడానికి మిగిలేది ఒక్క ఆయమ్మ. పడుకునే గదిలో కెమెరా కూడా మూలకు తిరిగి ఉంది. ఆమె చేసింది తప్పే, నేను క్షమించలేను. కానీ అంతమందిని ఆమె ఒక్కదాని మీద వదిలేసినవాళ్లది అంతకంటే పెద్ద తప్పు.

ఇప్పుడు అక్కడ మూడో ఆయమ్మ ఉంది, కెమెరా సరిచేశారు. అన్నానికి అయిదుకు అయిదు ఇస్తాను, ఫిర్యాదు చేసినప్పటి తీరుకు ఒకటి. పాపను మొగల్రాజపురంలో వేరేచోట చేర్చాం.

ఆ ఆయమ్మను "ఇంట్లో ఇబ్బందులుండి మానేసింది" అని రిజిస్టరులో రాసి పంపేశారు. తను ఇప్పుడు ఏ డేకేర్‌లో పిల్లల్ని నిద్రపుచ్చుతోందో, ఎందుకు మాన్పించారో అక్కడివాళ్లకు తెలిసే దారి లేదు.