నునావుట్‌లో ఎన్నికల వేళ: బస, తిండి, తిరుగుడు

కెనడా ఉత్తర కొసన ఉన్న నునావుట్ టెరిటరీని చూడాలంటే ఎన్నికలప్పుడే చూడాలని నాకో పిచ్చి. 2025 ఏప్రిల్ 28న కెనడా పార్లమెంటు ఎన్నికలని తేలగానే ఒట్టావా నుంచి నునావుట్ రాజధాని ఇకాలూయిట్‌కి టికెట్ తీసుకున్నాను. ప్రయాణం మూడు గంటలే గానీ ధర మాత్రం హైదరాబాద్ టికెట్‌తో పోటీ పడుతుంది. వేరే దారీ లేదు. దక్షిణం నుంచి అక్కడికి రోడ్డు లేదు, లోపలున్న 25 ఊళ్ల మధ్యా లేదు. ఇరవై లక్షల చదరపు కిలోమీటర్లు దాటిన ఆ నేలకంతటికీ ఒక్కరే ఎంపీ. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపి అందులో ఏడు సార్లు పడతాయి. జనాభా మాత్రం 2021 లెక్కల ప్రకారం 37 వేల లోపే.

బస సంగతి ముందే తేల్చుకోవాలి. రాత్రికి మూడు వందల డాలర్ల లోపు గది దొరకడం కష్టం. ఎన్నికల రోజుల్లో విలేకరులు, అధికారులు కూడా దిగుతారు కాబట్టి ఆఖరి నిమిషంలో వెతికితే టెన్షనే. ఆక్సార్నిట్ 2020లో తెరిచిన, అక్కడి ఆదివాసులైన ఇన్యూట్‌ల సొంత హోటల్, పెద్ద సమావేశాలకు హాళ్లున్నాయి. కొండ మీది ఫ్రోబిషర్ ఇన్ నుంచి ఊరూ గడ్డకట్టిన సముద్రమూ ఒక్క చూపులో కనిపిస్తాయి. నేను మొదట దిగింది ఒక ఇంట్లో అద్దె గది. హీటర్ రాత్రంతా మోత, వైఫై పేరుకే. అయినా శాకాహారులకు అదే నయమంటాను, ఎందుకంటే వంటగది వాడుకోనిస్తారు. బయట ఆర్కిటిక్ చార్ చేప, కారిబూ అనే దుప్పి మాంసం బ్రహ్మాండంగా ఉంటాయంటారు. మనకు కావలసింది పులిహోర పొడి, ఆవకాయ, కందిపప్పు. అవి సూట్‌కేసులో రావాలి. వేసవిలో ఓడల మీద వచ్చే సరుకు పోను మిగతాదంతా విమానంలోనే చేరుతుంది. నార్త్‌మార్ట్ సూపర్‌మార్కెట్ అరల ముందు నిలబడి ధరలు చూస్తే ఆకలి కాస్త తగ్గుతుంది!

ఆ అరల దగ్గరే ఎన్నిక కూడా అర్థమైంది. ఇన్యూట్ పిల్లల కోసం ఫెడరల్ డబ్బుతో ఇస్తూ వచ్చిన తిండి వోచర్లు, ఒక్కో బిడ్డకు నెలకు 500 డాలర్లు, చాలా ఊళ్లలో మార్చి నెలాఖరుతో ఆగిపోయాయి. ప్రచారం మొదలైంది కూడా అప్పుడే. మార్చి 18న ప్రధాని మార్క్ కార్నీ ఇకాలూయిట్‌లోనే నిలబడి ఆరు వందల కోట్ల డాలర్ల ఆర్కిటిక్ రాడార్ ప్రకటించి వెళ్లారు. టాక్సీలో మాత్రం ఆ ఊసు నా చెవిన పడలేదు. ఇళ్లు, పాలు, టికెట్ల ధరలు, ఇవే మాటలు. ఈ ఊరి టాక్సీ నాకు బాగా నచ్చిన సర్వీసు. ఊళ్లో ఎక్కడికైనా మనిషికింత అని ఒకటే రేటు, దారిలో ఇంకొకరిని కూడా ఎక్కించుకుంటారు. పక్క సీటువాళ్లతో మాట కలిపితే చాలు, ఏ సర్వేలోనూ దొరకనిది తెలుస్తుంది.

పోటీలో ముగ్గురి పేర్లే గట్టిగా వినిపించాయి. 2021లో గెలిచిన లాయర్ లోరీ ఇడ్లౌట్ వామపక్షం వైపు మొగ్గే ఎన్‌డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ) తరఫున, ఇన్యూట్‌ల భూ ఒప్పందాన్ని చూసే నునావుట్ టుంగావిక్ సంస్థకు సీఈఓగా చేసిన కిలిక్వాక్ కబ్లూనా ప్రధాని కార్నీ పార్టీ అయిన లిబరల్ తరఫున, జేమ్స్ ఆరియాక్ కన్సర్వేటివ్ తరఫున. మైకులు, ఊరేగింపులు ఆశించకండి. మంచు గుట్టల్లో గుచ్చిన బోర్డులు, రేడియో, ఫేస్‌బుక్, అంతే. అభ్యర్థి పడమటి కిటిక్మియోట్ ఊళ్లకు వెళ్లాలంటే సాధారణంగా పక్క టెరిటరీలోని ఎల్లోనైఫ్ మీదుగా తిరిగి రావాలి. నేను పాంగ్నిర్టుంగ్ వెళ్దామనుకుంటే గాలుల వల్ల విమానం రద్దయింది. ఆ ఊరి రన్‌వే కొండల మధ్య సన్నటి సముద్రపు పాయ పక్కన ఉంది, గాలి లేస్తే అంతే సంగతులు. డబ్బు వెనక్కి ఇవ్వడానికి విమానం కంపెనీ చాలా సతాయించింది. ఓ ఐదు వారాల ప్రచారంలో పాతిక ఊళ్లూ తిరగడం ఎవరివల్లా కాదని అక్కడే నాకు తెలిసొచ్చింది.

చూడాల్సినవాటిలో మొదటిది శాసనసభ. నార్వాల్ తిమింగలం దంతంతో చేసిన రాజదండం, సీల్ చర్మం కప్పిన సీట్లు ఉంటాయి. పైగా ఆ సభలో పార్టీలే లేవు! పార్లమెంటుకు పార్టీ పేరు చూసి ఓటేసే జనమే ఇక్కడికి విడి మనుషుల్ని పంపి, ముఖ్యమంత్రిని వాళ్లనే ఎన్నుకోమంటారు. ఇగ్లూ ఆకారపు సెయింట్ జూడ్స్ చర్చి ఫోటోకి బాగుంటుంది. పక్కనున్న ఎపెక్స్ దాకా నడక, ఒడ్డున హడ్సన్స్ బే కంపెనీ పాత కొట్లు ఇంకా బాగుంటాయి. సిల్వియా గ్రిన్నెల్ పార్కు మాత్రం మంచు కరిగాకే వెళ్లాలి, ఏప్రిల్‌లో అంత లాభం లేదు.

లెక్క సరిచూశాక ఇడ్లౌట్ 41 ఓట్లతో గట్టెక్కారు. పోలైనవి ఎనిమిది వేల లోపే. ఆ ఎన్నికల్లో దేశమంతా కలిపి ఏడు సీట్లకు పడిపోయిన ఎన్‌డీపీ గెలిచినవాటిలో ఇదొకటి. ఖర్చుకు తగ్గ యాత్రా అని అడిగితే, హాయి కోరుకునేవాళ్లకు కాదు. రాజకీయాలంటే ఆసక్తి ఉన్నవాళ్లు నిస్సందేహంగా వెళ్లొచ్చు. పాంగ్నిర్టుంగ్ కూడా కలుపుకునేలా ఉంటే టికెట్ల మధ్య రెండు మూడు రోజులు ఖాళీ వదిలి బుక్ చేసుకోండి.