వెనక బంపర్‌కి మిగ్ మేలా, రాడ్డు మేలా?

ఆఫ్‌రోడ్ బండికి వెనక బంపర్ సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లు ఎక్కువగా ఆలోచించేది దాని రూపం గురించే. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది దాన్ని దేనితో వెల్డ్ చేస్తాం అన్నది: గన్‌లోంచి తీగ వచ్చే మిగ్ మెషిన్‌తోనా, చేత్తో పట్టి కరిగించే వెల్డింగ్ రాడ్డుతోనా. బురదలో దిగబడ్డ బండిని లాగేటప్పుడు బలమంతా షాకిల్ (తాడు కట్టే ఇనప కొక్కెం) తగిలించే చెవి మీద, బంపర్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్ల మీద పడుతుంది. అక్కడ వెల్డ్ ఊడిందంటే ఆ ఇనప ముక్క తాడుతో పాటు గాల్లోకి లేస్తుంది. దారిలో మనిషి ఉంటే ప్రాణమే పోవచ్చు.

మిగ్ చేతికి వచ్చిన ఎవరికైనా వెంటనే నచ్చుతుంది. ఒక చేత్తో గన్ పట్టుకుని, రెండో చేత్తో ప్లేటు సర్దుకుంటూ టాక్ (ముక్కలు కదలకుండా వేసే చిన్న చుక్క వెల్డ్) పెట్టేయొచ్చు. తీగ తనంతట తనే వస్తుంది, స్లాగ్ (వెల్డ్ మీద గట్టిపడే పెంకు) కొట్టే పని లేదు, 3 మి.మీ. ప్లేటుకి బొక్క పడుతుందన్న భయం తక్కువ. బంపర్ పెట్టెలో పొడవాటి మూల జాయింట్లు చాలా ఉంటాయి. అవన్నీ రాడ్డు మార్చుకుంటూ, స్లాగ్ కొట్టుకుంటూ వేయాలంటే ఓపిక నశిస్తుంది. అదే 0.8 మి.మీ. తీగ, 75 శాతం ఆర్గాన్‌లో 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్ ఉంటే బీడ్ (వెల్డ్ గీత) చేప పొలుసుల్లా వరసగా వచ్చేస్తుంది.

చిక్కంతా ఆ అందంలోనే ఉంది. నా మొదటి బంపర్‌కి చిన్న మిగ్ మెషిన్‌తో 12 మి.మీ. చెవిని 6 మి.మీ. ప్లేటుకి వెల్డ్ చేశాను. చూడముచ్చటగా వచ్చింది. బండికి బిగించే ముందు ఎందుకో అనుమానం వచ్చి, అవే మందాలున్న తుక్కు ముక్కలు రెండు తీసుకుని, అదే సెట్టింగ్‌లో, ఒక పక్కే వెల్డ్ చేసి, వైస్‌లో బిగించి సమ్మెటతో కొట్టాను. రెండో దెబ్బకి ఊడి కింద పడింది. ఊడినచోట చూస్తే, బీడ్ కూర్చున్న జాగాలో నా గ్రైండర్ గీతలు అలాగే ఉన్నాయి. అంటే తీగ కరిగింది గానీ ప్లేటు కరగలేదు, జిగురులా పైన అంటుకుందంతే. పైన పటారం, లోన లొటారం. ఆ చెవికి తాడు కట్టి ఎవరి బండినైనా లాగి ఉంటే ఏమయ్యేదో అనుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

తప్పు మిగ్‌ది కాదు. ఆంపియర్లు చాలని మెషిన్‌ని మందపాటి ఇనుము మీద వాడినా, నిలువు జాయింట్‌లో గన్‌ని పైనుంచి కిందకి లాగినా ఇలాంటి ప్రమాదమే ఉంది. 200 ఆంపియర్లు దాటి ఇచ్చే మెషిన్ ఉండి, అంచులు ఏటవాలుగా గ్రైండ్ చేసి, రెండు మూడు పాస్‌లు (ఒకదాని మీద ఒకటి వరసలు) వేసుకుంటే మిగ్ వెల్డ్ కూడా రాయిలా నిలుస్తుంది. ఆరుబయట పని చేసేవాళ్లకి మాత్రం గాలితో టెన్షన్. కాస్త వీచినా గ్యాస్ చెదిరి బీడ్ నిండా చిల్లులు పడతాయి. గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ తీగ వేస్తే ఆ బాధ తీరుతుంది గానీ పొగ, స్లాగ్ తప్పవు. మెషిన్‌లో పోలారిటీ (ప్లస్, మైనస్ కనెక్షన్లు) కూడా మార్చుకోవాలి.

రాడ్డు అంతగా మోసం చేయదు. కరెంటు చాలకపోతే ఇనుముకి అతుక్కుపోతుంది, ఆర్క్ (రాడ్డు చివర వెలిగే మెరుపు) ఆరిపోతుంది. ఏదో తేడాగా ఉందని చేతికే తెలుస్తుంది. 3.15 మి.మీ. 7018 రకం రాడ్డుని 120 ఆంపియర్ల దగ్గర నడిపితే 6 మి.మీ. ప్లేటులోకి బాగా దిగుతుంది. ఆ 70 అంటే వెల్డ్ లోహం చదరపు అంగుళానికి కనీసం 70,000 పౌండ్ల లాగుడికి తట్టుకుంటుందని. 6013 రాడ్డుకి అది 60,000. మామూలు మైల్డ్ స్టీల్‌కి బలం రెండింటిలోనూ చాలు. 7018 ఎంచుకునేది వెల్డ్ సాగే గుణంతో, పగుళ్లు రాకుండా ఉంటుందని. ఆ మేలు రాడ్డు పొడిగా ఉన్నంతవరకే. వారాల తరబడి తేమలో పడి ఉన్న రాడ్లని లాగుడు పడే చోట నేనైతే వాడను.

అందుకే నా బంపర్లలో రెండూ ఉంటాయి. పెట్టె మిగ్‌తో, బ్రాకెట్లూ చెవులూ 7018 తో. చెవిని ప్లేటు ముఖానికి అంటించి ఊరుకోను. ప్లేటుకి గాడి కోసి, చెవిని లోపలికి దూర్చి, రెండు పక్కలా వెల్డ్ చేస్తాను. ఒక్క మెషినే కొనగలిగితే డీసీ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్, రాడ్లే కొనండి. పెట్టె కాస్త వికారంగా వస్తుంది, గ్రైండర్‌కి పని పెరుగుతుంది, కానీ మందపాటి జాయింట్ దగ్గర ధైర్యంగా ఉండొచ్చు.

ఇక పైపా, ప్లేటా అన్నది. పైపు తేలిక, కానీ వంచడానికి బెండర్ కావాలి, కలిసేచోట చేప నోరులా కోయాలి, సందు ఎక్కువైతే కొత్తవాడి వెల్డ్ నిలవదు. ప్లేటు కోయడం సులువు. బరువు మాత్రం లెక్క చూసుకోవాలి. చదరపు మీటరుకి, 1 మి.మీ. మందానికి 7.85 కిలోలు. 3 మి.మీ. అయితే సుమారు 23.5, 5 మి.మీ. అయితే 39 పైమాట. ఇదంతా వెనక ఇరుసుకి అవతల వేలాడే బరువు. పెట్టెకి 3, బ్రాకెట్లకి 6 చాలు.

బంపర్‌ని ఛాసిస్‌కి వెల్డ్ చేయాలా, బోల్టులతో బిగించాలా అన్నదాంట్లో నాకు సందేహమే లేదు, బోల్టులే. చాలా బండ్లకి పెట్రోల్ ట్యాంక్ ఆ పక్కనే ఉంటుంది. బండి మీద టాక్‌లు మాత్రం పెట్టి, అది కూడా బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఎర్త్ క్లాంప్ (మెషిన్ నుంచి ఇనుముకి పట్టించే క్లిప్పు) వెల్డ్ దగ్గర్లోనే తగిలించి, పూర్తి వెల్డింగ్ కిందకి దించాకే చేయాలి. ఇనుము తుడవడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ అస్సలు వాడొద్దు, ఆర్క్ తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

దించే ముందు రెండు బ్రాకెట్ల మధ్య ఒక యాంగిల్ ముక్క అడ్డంగా టాక్ వేయండి. లేకపోతే వెల్డ్ చల్లారుతూ బ్రాకెట్లని లోపలికి లాగేస్తుంది, మళ్లీ బండికి పెడితే బోల్టు రంధ్రాలు కలవవు. ఒకే చోట ఏకధాటిగా వేయకుండా ఈ చివర కొంచెం, ఆ చివర కొంచెం వేసుకుంటూ పోయి, ఆఖరి బీడ్ చేత్తో ముట్టుకునేంత చల్లారాకే ఆ యాంగిల్‌ని కోసేయాలి.