కీస్‌లో మహి-మహి చార్టర్ బుక్ చేసేవాళ్ళకి జాగ్రత్త

ఎండాకాలంలో మయామీ మీదుగా ఫ్లోరిడా కీస్ దీవులకి వెళ్ళే మన కుటుంబాలు ఎక్కువే. అక్కడి ఇస్లమొరాడా ఊరి వైపు "హాఫ్ డే మహి-మహి, చేప గ్యారంటీ" అంటూ మా రెండు కుటుంబాలకి ఓ చార్టర్ ట్రిప్ (కెప్టెన్‌తో సహా బోటు అద్దెకి తీసుకుని మహి-మహి అనే సముద్రపు చేపని పట్టడానికి వెళ్ళడం) అంటగట్టారు. మీకూ తగలొచ్చు, అందుకే రాస్తున్నా.

ముందు తలల లెక్క. పిల్లలతో కలిపి మేం ఎనిమిది మందిమి. "పిల్లల్ని లెక్కేయరులెండి" అన్నాడు బుకింగ్ కుర్రాడు. పచ్చి అబద్ధం. అక్కడి మామూలు చార్టర్ బోట్లలో ఆరుగురికి మించి ప్రయాణికుల్ని ఎక్కించకూడదు, చంటిపిల్లలైనా లెక్కలోకే వస్తారు. అంతకు మించితే కోస్ట్ గార్డ్ తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చిన బోటు కావాలి. రేవులో కెప్టెన్ ఒప్పుకోలేదు, ఇద్దరు ఒడ్డునే ఉండిపోయారు. వాళ్ళ డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

ఇక నాలుగు గంటల ట్రిప్ సంగతి. మహి-మహి నడిసముద్రం చేప. సర్గాసం నాచు బారులు తీరి తేలే చోట, కొట్టుకొచ్చిన దుంగల కింద గుంపుగా తిరుగుతుంది. ఆ నాచు ఇవాళ దగ్గర్లో ఉండొచ్చు, రేపు ఇరవై మైళ్ళు దాటి ఉండొచ్చు. పోను రాను ప్రయాణమే సగం సమయం తినేస్తుంది. ఎవరైనా గ్యారంటీ అన్నారంటే అక్కడే అనుమానించాలి. మా కెప్టెన్ పగడపు దిబ్బ అంచున లంగరు వేసి స్నాపర్లనే వేరే రకం చేపలు పట్టించాడు. తిరుగు దారిలో తేలుతున్న ఓ చెక్క కనబడితే దాని కింద రెండు మహిలు పడ్డాయి, అంతే. చిన్నదాన్ని కొలవమంటే మేట్ (కెప్టెన్ సహాయకుడు) నవ్వి పక్కకి తిరిగాడు. అక్కడ నోటి కొస నుంచి తోక చీలిక దాకా కనీసం 20 అంగుళాలు లేకపోతే నీళ్ళలోకి వదిలేయాలి.

పైకి లాగినప్పుడు పసుపూ పచ్చా నీలం కలిసి మెరిసిపోయిన చేప, డెక్ మీద ఎండలో పడి చూస్తుండగానే బూడిదరంగుకి తిరిగింది. రంగు పోవడం సహజమే, దాన్ని తప్పుపట్టను. ఐస్ పెట్టెలో మాత్రం ఐస్ లేదు, గోరువెచ్చని నీళ్ళున్నాయి. ఆ రాత్రి ఫ్రై చేసుకుని తిన్న కాసేపటికే మా వదినకి మొహం ఎర్రబడి, తలనొప్పి, ఒళ్ళంతా దురద. అర్జెంట్ కేర్ డాక్టర్ చేప ఎలా నిల్వ చేశారనే ముందు అడిగాడు. మహి, ట్యూనా లాంటి చేపల్ని వెంటనే చల్లబరచకపోతే హిస్టమిన్ పేరుకుంటుంది. వేయించినా, పులుసు పెట్టినా అది పోదు. బోటెక్కే ముందే ఐస్ పెట్టె మూత తీసి చూడండి, మొహమాటపడకండి.

అన్నిటికన్నా ఒళ్ళు మండేది మౌంట్ బేరం, అంటే పట్టిన చేపని గోడకి తగిలించే బొమ్మగా చేయించడం. చేప ఇంకా తోక కొట్టుకుంటుండగానే మేట్ మొదలెట్టాడు: "బాబు మొదటి చేప, గోడకి పెట్టించండి, డిపాజిట్ ఇప్పుడే కట్టాలి, లేకపోతే చేప పాడైపోతుంది." అంగుళానికి ఇంతని రేటు. పిల్లాడి మొహం చూసి మా అన్నయ్య కార్డు తీశాడు. ఇప్పుడు గోడకి పెట్టే మహిలు దాదాపు అన్నీ ఫైబర్‌గ్లాస్ అచ్చులో పోసి రంగులద్దినవే. పొడవు, చుట్టుకొలత, ఒక ఫోటో ఉంటే చాలు, ఇంటికొచ్చాక తీరిగ్గా నచ్చిన చోట చేయించుకోవచ్చు. చేపని వాళ్ళకి ఇవ్వాల్సిన పనే లేదు. రద్దు చేయమంటే డిపాజిట్ వాపసు ఇచ్చేది లేదన్నారు.

కార్డు కంపెనీకి డిస్ప్యూట్ వేశాం. "చేప గ్యారంటీ" అని వాళ్ళు పంపిన మెసేజ్ స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి అదే జతచేశాం. మీరు కూడా ఫోన్లో మాట్లాడినదంతా మెసేజ్‌లో రాయించుకోండి: ఎంతమంది, ఎన్ని గంటలు, నడిసముద్రంలోకి వెళ్తారా లేదా, శుభ్రం చేసిన చేప ఎవరిది. జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే యాప్) పంపమంటే ఒప్పుకోకండి, కార్డుతోనే కట్టండి.