డులూత్‌లో డబ్బిచ్చి చూసిన గోడ

హోటల్ వాళ్లు ‘సరస్సు కనిపించే గది’ అన్నారంటే, ఏ కిటికీలోంచి ఎంత మెడ చాస్తే కనిపిస్తుందో ముందే ఫోన్ చేసి అడగండి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో, రేవు ఒడ్డునున్న కెనాల్ పార్క్ దగ్గర మేము దిగిన గదికి రాత్రికి 219 డాలర్లు. తెర తీస్తే ఎదురుగా ఇటుక గోడ, కింద చెత్త డబ్బాలు. కుడి మూలన మాత్రం జానెడు నీలం. అదే సుపీరియర్ సరస్సట! “కనిపిస్తోంది కదా సర్” అంది కౌంటర్లో అమ్మాయి, నవ్వు చెదరకుండా. పైగా సౌకర్యాల రుసుము 24.95, పార్కింగ్ 20, ఆ మీద పన్నులు. ఆ సౌకర్యమేమిటయ్యా అంటే ఈత కొలను, దానికి మరమ్మతులు! మా ఆయనకు గొడవలంటే గిట్టదు, సంతకం పెట్టేశారు. తర్వాత నేను ఫిర్యాదు రాస్తే, మళ్లీ అక్కడే దిగితే 15 శాతం తగ్గిస్తామని కూపన్ పంపారు. “సీతమ్మధారలో మన వెనక గది నయం” అన్నారు అత్తయ్యగారు.

మినియాపొలిస్ నుంచి ప్రయాణం రెండున్నర గంటలు, హాయిగా సాగింది. కొండ మీద ఎండ కాస్తోంది, కిందికి దిగేసరికి పొగమంచు. సరస్సు మీది గాలి జూలైలోనూ వణికిస్తుంది. శాలువా తేనందుకు అత్తయ్యగారు సాయంత్రం దాకా మాతో ముభావంగానే ఉన్నారు.

మామయ్యగారి సంగతి వేరు. ఆయన విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. బైలదిల్లా ఇనుప ఖనిజం రైల్లో వచ్చి ఓడెక్కడం ఏళ్ల తరబడి చూసిన మనిషి. ఇక్కడా అదే కథ. ఉత్తరాన మెసాబీ గనుల్లోంచి టాకొనైట్ అనే ఇనుప రాయిని గోళీలంత ఉండలు చేసి రైళ్లలో తెస్తారు, ఓడల్లో దిగువ సరస్సుల ఉక్కు కర్మాగారాలకు పంపుతారు. సముద్రం ఎక్కడో ఉంటే ఇక్కడ రేవేమిటని ఆయనకు ఒకటే ఆశ్చర్యం.

1905లో కట్టి, 1930 నాటికి పైకి లేచే వంతెనగా మార్చిన ఏరియల్ లిఫ్ట్ బ్రిడ్జి దగ్గర ఆయన్ను కదిలించడం మా వల్ల కాలేదు. ఓడ కూత వేస్తే వంతెన బదులు కూత వేస్తుంది. గంట మోగుతుంది, అవతలి పార్క్ పాయింట్ వెళ్లే కార్లు ఆగిపోతాయి, నడిమి భాగం మొత్తం ఒరగకుండా, వంగకుండా లిఫ్ట్‌లా తిన్నగా పైకి లేస్తుంది. 300 అడుగుల వెడల్పు కాలువలోంచి వెయ్యి అడుగుల ఓడ మన పక్కనే జారిపోతుంటే డెక్ మీది మనుషులు చెయ్యూపారు. ఇంట్లో ముక్తసరిగా మాట్లాడే మామయ్యగారు, ముక్కూ మొహం తెలియని వాళ్లకు కూడా లోడింగ్ గురించి పాఠం మొదలుపెట్టారు. దీనికి పైసా ఖర్చు లేదు. పక్కనున్న నౌకా సందర్శక కేంద్రమూ ఉచితమే, ఓడల వేళలు అక్కడే తెలుస్తాయి. సుపీరియర్ నుంచి దిగువ సరస్సులకు ఓడలను దించే సూ లాక్‌లు జనవరి మధ్య నుంచి మార్చి 25 దాకా మూసేస్తారు కాబట్టి ఓడల కోసం ఆ రోజుల్లో రాకండి. కొండ మీది ఎంగర్ టవర్‌కూ టికెట్ లేదు. రేవు మొత్తం కనిపిస్తుంది, మెట్లెక్కే ఓపిక ఉండాలంతే.

మర్నాడు సామాను సర్దుకుని మరో వంతెన దాటి పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని సుపీరియర్ అనే ఊరికి మారాం. మోటెల్ 96 డాలర్లు, పార్కింగ్ ఉచితం, గదిలో స్టవ్. సూప్‌లో చికెన్ ఉందని హోటల్లో ముట్టని అత్తయ్యగారు, అక్కడి ఆదివాసులైన ఓజిబ్వే వాళ్లు పడవల్లో వెళ్లి దులిపి తెచ్చే, నీళ్లలో పెరిగే వైల్డ్ రైస్ గింజల్ని 12 డాలర్లకు కొనిపించి వండారు. ఉడకడానికి గంట పట్టింది. నల్లగా ఉందని మా ఆయన వంక పెట్టినా, ఆవకాయతో రెండోసారి వడ్డించుకున్నది ఆయనే. డులూత్ వెళ్లేవాళ్లెవరైనా పడక సుపీరియర్‌లో వేసుకుని, పగలంతా కెనాల్ పార్క్‌లో గడపండి.